పిల్లల చేత దణ్ణం పెట్టించే ముందు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే అయినవిల్లి సిద్ధి వినాయకుడి గుడి దగ్గర సందడే వేరు. హాల్ టికెట్టు స్వామి పాదాల దగ్గర పెట్టించాలని, పూజ చేసిన పెన్ను ఒకటి సంపాదించాలని తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. దేవస్థానం వాళ్ళు కూడా ఏటా పెన్నులకు పూజ చేయించి విద్యార్థులకు పంచుతారు. ఆ పెన్ను జేబులో ఉంటే పిల్లాడికి అదో ధైర్యం. నాకు దాంతో పేచీ లేదు. పరీక్ష రోజున ఏ ధైర్యమైనా మంచిదే.

నా బెంగంతా ఫలితాలు వచ్చాక జరిగేదాని గురించి. మంచి మార్కులు వచ్చిన ఇంటివాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని మళ్ళీ గుడికి వెళ్తారు. తక్కువ వచ్చిన ఇంట్లో ఆ ఊసే ఉండదు. పదిహేనేళ్ళ పిల్లాడు రెండూ చూస్తాడు. ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా వాడికి ఒక లెక్క అర్థమైపోతుంది: ముందు అడగాలి, పనైతే ఇవ్వాలి, కాకపోతే ఎవరి దారి వారిది. దేవుడితో మన వ్యవహారం ఇంతే కాబోలు అనుకుంటాడు. మనం నేర్పుదామనుకున్నది ఒకటి, వాడు నేర్చుకున్నది ఇంకొకటి.

అలాగని మొక్కుల్ని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. కోనసీమలో పుట్టినవాళ్ళెవరికీ అది చేతకాదు కూడాను. ఏడు శనివారాల వ్రతం పట్టి, వారం వారం ఏడు ప్రదక్షిణలు చేసేవాళ్ళతో వాడపల్లి వెంకన్న గుడి కిటకిటలాడుతూనే ఉంటుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి రథోత్సవం చూసి మొక్కు తీర్చుకోవడానికి జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. కష్టంలో ఉన్న మనిషి బేరమాడైనా సరే దేవుడి కాళ్ళు పట్టుకుంటాడు. అందులో తప్పేముంది? నేను చెప్పబోయేది ఆ తర్వాతి సంగతి. ఎవరూ అడక్కుండా, ఏ గడువూ లేకుండా, మనసు పుట్టి దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత ఒకటుంది. అదీ పూజే. మంత్రం, నైవేద్యం, పాట, ప్రార్థన ఏవీ దానికి తప్పనిసరి కావు. తప్పనిసరి అయినది ఇష్టం ఒక్కటే. చిక్కంతా అక్కడే ఉంది. ఇష్టాన్ని పిల్లల చేత బలవంతంగా పుట్టించలేం కదా.

అందుకే ఏం నేర్పాలి అనేకన్నా ముందు మనం ఏం మానుకోవాలో చూద్దాం.

గుడిలో హుండీ దగ్గరైనా, చర్చిలో కానుకల సంచి వరస వెంట వచ్చేటప్పుడైనా మన పిల్లలు చేసేది ఒకటే. నాన్న జేబులోంచి నోటు తీసి చేతిలో పెడతాడు, వాడు అందులో వేస్తాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇచ్చింది నాన్న. పిల్లాడిది చెయ్యి మాత్రమే. మూడేళ్ళవాడికి ఆ ముచ్చట చాలు. ఎనిమిదేళ్ళు వచ్చాక కూడా అదే సాగితే, ఇవ్వడమంటే పెద్దవాళ్ళ పని, తను మధ్యవర్తి అనుకుంటాడు. వాడి డిబ్బీలో ఉన్న చిల్లరలోంచి ఓ రూపాయి వాడే ఏరుకోనివ్వండి. ఏరుకోవడానికి వాడికి రెండు నిమిషాలు పడుతుంది. పెద్ద బిళ్ళ తీసి, మళ్ళీ లోపల పెట్టేసి, చిన్నది తీస్తాడు. తియ్యనివ్వండి. ఆ తటపటాయింపులోనే వాడు మొదటిసారి తనంతట తానుగా దేవుడి గురించి ఆలోచిస్తున్నాడు. చివరికి ఏదీ ఇవ్వనంటే నవ్వేసి ఊరుకోండి. ‘దణ్ణం పెట్టకపోతే కళ్ళు పోతాయి’ అన్న పాత బెదిరింపును మాత్రం దయచేసి బయటికి తియ్యకండి. మన అమ్మమ్మలు ప్రేమతోనే అని ఉంటారు, నిజమే. కళ్ళు పోతాయని భయపడి పెట్టిన దణ్ణంలో కృతజ్ఞత ఎక్కడుంటుంది?

ఇవ్వననే వీలు ఉన్నప్పుడే ఇచ్చినదానికి విలువ. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. యూదుల ధర్మశాస్త్రంలో కట్టి తీరాల్సిన అర్పణలు వేరు, ఎవరికి వారు మనసుపడి తెచ్చే స్వేచ్ఛార్పణలు వేరు. లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగుల కథ బైబిలు చదివే ఇళ్ళలో అందరికీ తెలిసిందే. పదిమందికీ జబ్బు నయమైంది, ఒక్కడే వెనక్కి వచ్చి స్తోత్రం చెప్పాడు. మిగతా తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు కానీ, రాలేదని వాళ్ళ జబ్బు వాళ్ళకి తిరిగి అంటగట్టలేదు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు మనం సాధారణంగా ‘చూశావా, నువ్వు ఆ ఒక్కడిలా ఉండాలి’ అని ముగిస్తాం. ఆ తొమ్మిదిమంది కూడా ఆరోగ్యంగానే ఇంటికి వెళ్ళారన్న సంగతి చెప్పి అక్కడితో ఆగి చూడండి. పిల్లలు చాలాసేపు ఆలోచిస్తారు.

ఇక రెండోది, నాకు ఎక్కువ బాధ కలిగించేది. ‘నీకోసం ఏడు శనివారాలు తిరిగానురా, నువ్వు చేసిన నిర్వాకం ఇదీ’ అని ఫలితాల రోజున అనేస్తాం. ‘నీకోసం మొక్కుకుని తల వెంట్రుకలు ఇచ్చాను’ అంటాం. రాజోలు, మలికిపురం పక్క అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారు. వాళ్ళకి ఈ మాట ఇంకో రూపంలో వినిపిస్తుంది: ‘మీ అమ్మ అక్కడ అంత కష్టపడుతుంటే నీకు విశ్వాసం లేదు’. అన్నవాళ్ళకి అది కృతజ్ఞత నేర్పడంలా అనిపిస్తుంది. విన్నవాడికి మాత్రం అప్పు చీటీ చదివి వినిపించినట్టుంటుంది. తీర్చలేని అప్పు ఉన్నవాడు అప్పిచ్చినవాడి ముఖం చూడ్డానికి జంకుతాడు. అమ్మ వీడియో కాల్‌లో కనిపించగానే పిల్లాడు ఫోను అమ్మమ్మ చేతిలో పెట్టి ఎందుకు పారిపోతున్నాడో ఒకసారి ఇటునుంచి చూడండి. దేవుడి విషయంలోనూ అంతే. మీరు తిరిగిన ప్రదక్షిణలు మీకూ స్వామికీ మధ్య సంగతి. వాటిని పిల్లాడి ఖాతాలో రాయకండి.

అప్పనపల్లి కథ మీ పిల్లలకు చెప్పారా? వైనతేయ నది ఒడ్డున ఈ రోజు బాలబాలాజీ గుడి, అక్కడి నిత్యాన్నదానం చూసేవాళ్ళకి దాని వెనక ఒక కొబ్బరి వ్యాపారి ఉన్నాడన్న సంగతి తట్టకపోవచ్చు. మొల్లేటి రామస్వామి గారు తన వ్యాపారంలో వచ్చిన లాభంలో కొంత స్వామి వాటాగా తీసి పక్కన పెట్టేవారని చెప్తారు. కొబ్బరి వ్యాపారం సంగతి మనకి తెలియనిది కాదు. ఇవాళున్న ధర రేపు ఉండదు. దింపు తీయించి, రాశి పోసి, వలిపించి లారీకి ఎత్తేలోపు రేటు పడిపోవచ్చు. ఆ లెక్కల మధ్యలో, అందరి వాటాలూ తీశాక మిగిలితే దేవుడికి అనుకోకుండా, ఆయన్ని కూడా ఒక వాటాదారుగా కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. ఈ కథలో మహిమలు కూడా చెప్తారు. పిల్లలు వాటినే ముందు అడుగుతారు, చెప్పండి. నాకు మాత్రం ఆ వాటా లెక్కే ఎక్కువ ఇష్టం. మీది కొబ్బరికొట్టే కానక్కర్లేదు. నెల జీతం వచ్చిన రోజున, ధాన్యం డబ్బులు బ్యాంకులో పడిన రోజున, పిల్లలు చూస్తుండగా ఒక వాటా పక్కకి తియ్యండి. ఎందుకని వాళ్ళు అడిగితే ఒక్క ముక్కలో చెప్పండి. అడక్కపోతే చెప్పొద్దు.

కృతజ్ఞత చెప్పేటప్పుడు మనం పెద్దవాళ్ళం చేసే ఇంకో పొరపాటు, పేర్లు వదిలెయ్యడం. జబ్బుపడి కోలుకున్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటాం, లేదా పాస్టరు గారిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. ‘అంతా దేవుడి దయ’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం. పిల్లలకి అది గాలిలో మాట. అదే సాక్ష్యం చెప్పేటప్పుడు, ఆ అర్ధరాత్రి ఏ ఆటో అబ్బాయి నిద్ర లేచి వచ్చాడో, అమలాపురం చేరేదాకా వెనక సీట్లో తల ఎవరు పట్టుకున్నారో, రక్తం ఎవరిచ్చారో, తెల్లారేవరకూ పక్కన నిలబడ్డ నర్సమ్మ ఏమందో చెప్పండి. దేవుడి దయ ఏయే చేతులమీదుగా ఇంటికి వచ్చిందో పిల్లలకు అప్పుడు కనిపిస్తుంది. ఈ విషయంలో మన గోదావరి వాళ్ళు ఒకప్పుడు చాలా ఉదారంగా ఉన్నారు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల ఈ సీమంతా అన్నం తింటోందని, గోదావరి స్నానం చేసేటప్పుడు దాన్ని కట్టించిన కాటన్ దొరను భగీరథుడితో పోల్చి తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి పండితులు కట్టారు. మతం వేరు, దేశం వేరు, ఆయన ఏలినవారి ఇంజనీరు. అయినా దేవతలను, పితరులను తలుచుకునే నీళ్ళలో నిలబడి ఆయన్ని తలుచుకున్నారు. ఆ శ్లోకం కట్టమని ఏ కలెక్టరూ తాఖీదు పంపలేదు.

డొక్కా సీతమ్మ గారి కథ కూడా ఇక్కడిదే. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో ఇంటికి వచ్చినవారికల్లా వేళాపాళా, కులగోత్రాలు చూడకుండా అన్నం పెట్టింది. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరిందట. అయినవిల్లి దగ్గర ఆగినప్పుడు, ఆకలితో ఏడుస్తున్న పిల్లలతో పెళ్ళివారెవరో ‘ఇంకాస్త దూరం, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం తిందాం’ అని ఊరుకోబెట్టడం ఆమె చెవిన పడింది. ఇంట్లో తను లేకపోతే ఎలా? పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. అంతర్వేది ప్రయాణం ఆగిపోయింది కదా, స్వామికి కోపం రాలేదా అని పిల్లలెవరైనా అడిగితే, జవాబు మీరు చెప్పకండి. వాళ్ళనే అడగండి.

2024 నుంచి మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు. మీ పిల్లలు రోజూ ఆమె పేరు మీద అన్నం తింటున్నారన్నమాట. సాయంత్రం ఇంటికి రాగానే ‘ఇవాళ ఏం కూర?’ అని అడుగుతాం. దానితోపాటు ‘వండిన ఆయమ్మ పేరేంటి?’ అని కూడా అడగండి. చాలామంది పిల్లలకు తెలియదు. మర్నాడు తెలుసుకుని వస్తారు. ఆ తర్వాత ఏదో ఒక రోజు ‘ఆయమ్మా, పప్పు బాగుంది’ అని కూడా అంటారు. భోజనానికి ముందు కళ్ళు మూసుకుని చెప్పించే ప్రార్థన ఎంతో, ఆ మాటా అంతేనని నా నమ్మకం. కొందరు ఒప్పుకోకపోవచ్చు.

కృతజ్ఞతల పుస్తకం ఒకటి పెట్టి రోజూ మూడేసి విషయాలు రాయించమని ఈ మధ్య చాలామంది చెప్తున్నారు. 2003లో అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనతో ఈ అలవాటుకి పేరొచ్చింది. మేలు తలుచుకుని రాసుకున్నవాళ్ళు, చిరాకులు రాసుకున్నవాళ్ళకంటే ఉల్లాసంగా ఉన్నారని వాళ్ళు తేల్చారు. పెద్దవాళ్ళు రాసుకోండి, మంచిదే. పిల్లల చేత మాత్రం రాయించొద్దంటాను. వాళ్ళకి ఇప్పటికే ఉన్న హోంవర్కు చాలు.

ఇక కష్టకాలం మాట. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను గుర్తున్న తల్లిదండ్రులు మీలో ఉంటారు, లేదా మీ పెద్దవాళ్ళ నోట విని ఉంటారు. వెయ్యి మందికి పైగా పోయారు. తోటలకు తోటలు పడుకున్నాయి. కొబ్బరి చెట్టు పడితే ఒక ఏడాది పంట పోయినట్టు కాదు, మళ్ళీ మొక్క నాటి అది కాపుకి వచ్చేదాకా ఆ ఇంటికి ఆధారం పోయినట్టు. 2022 జూలైలో వరద లంకలను ముంచినప్పుడు ఈ తరం పిల్లలు కూడా ఇంట్లోకి నీళ్ళు రావడం చూశారు. అలాంటప్పుడు మన నోటినుంచి అలవాటుగా ఒక మాట వస్తుంది: ‘పక్కింటివాళ్ళ గోడ పడిపోయింది, దేవుడి దయవల్ల మనది నిలబడింది’. మనసులో ఉన్నది ఊరటే, చెడ్డ ఉద్దేశమేమీ కాదు. పిల్లాడు వినేది మాత్రం వేరు. మనది నిలబెట్టిన దేవుడు పక్కింటిది ఎందుకు పడేశాడు? వాళ్ళ మీద దయ లేదా? ఈ ప్రశ్న వాడు పైకి అడగడు, లోపల పెట్టుకుంటాడు. లేదా అంతకన్నా చెడ్డది, ఇంకొకరి నష్టంతో కొలుచుకుంటే తప్ప మన మేలు తెలియదని నేర్చుకుంటాడు. ‘అన్నం లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా, కంచంలో వదిలెయ్యకు’ అన్నదానిలోనూ ఇదే ఉంది. పస్తులున్న పిల్లల్ని మన పిల్లల కూర తినిపించడానికి వాడుకుంటున్నాం.

ఆ రోజున కృతజ్ఞత చెప్పాలనిపిస్తే, గోడ పడినవాళ్ళని మన ఇంట్లోకి పిలిచాక చెప్పుకుందాం. అప్పుడు ఆ మాట వాళ్ళ ఎదురుగా కూడా అనగలిగేలా ఉంటుంది. ‘వాళ్ళకెందుకిలా అయింది’ అని పిల్లాడు అడిగితే ‘నాకూ తెలియదురా, పద, ఈ బియ్యం వాళ్ళకిచ్చొద్దాం’ అనడానికి సంకోచించకండి. పంట పోయిన ఏడు, మనిషి పోయిన ఏడు పిల్లల చేత బలవంతంగా స్తోత్రాలు చెప్పించొద్దు. ఏడవనివ్వండి. దేవుడి మీద అలిగితే అలగనివ్వండి. అలిగినవాడు ఇంకా మాట తెంచుకోలేదనే అర్థం.

సంతోషపడే రోజుల్లో మాత్రం మన సీమకు కొరతేం లేదు. కనుమ నాడు జగ్గన్నతోటకు పిల్లల్ని తీసుకెళ్ళండి. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభల మీద బయల్దేరి మొసలపల్లి దగ్గరి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, గంగలకుర్రు, వక్కలంక, ముక్కామల, పుల్లేటికుర్రు, ఇలా ఒక్కో ఊరిదీ ఒక్కో ప్రభ. 2023 గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఈ ప్రభల తీర్థమే. శకటంలో చూసినవాళ్ళకి తెలియని సంగతి ఒకటి చేల గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. ప్రభలకు రోడ్డుతో పనిలేదు. ‘శరభా శరభా’ అంటూ మోసేవాళ్ళు ఎగువ కౌశిక నీళ్ళలోకి దిగుతారు, పచ్చటి వరి చేలల్లోంచి నడిచిపోతారు. పైరు తొక్కుడుపడుతుంది. ఎరువు బస్తా ధరకి గుండె బాదుకునే రైతే, గట్టు తెగితే పక్క చేనువాడితో గొడవకి దిగే రైతే, ఆ రోజు చేతులు జోడించి నిలబడతాడు. స్వామి తన చేలో అడుగుపెట్టాడని సంబరం. నష్టపరిహారం ఎవరూ అడగరు. ఇష్టంగా ఇవ్వడమంటే ఏమిటో చెప్పడానికి నాకింతకంటే మంచి పాఠం దొరకదు, పైగా దీనికి మాటలు అక్కర్లేదు. మీ వంతు పిల్లాణ్ణి భుజాలెక్కించుకుని చూపించడమే.

సంక్రాంతికి ఇంటి చూరుకి వరి కంకుల కుచ్చులు కట్టే అలవాటు మీ ఇంట్లో పోయి ఉంటే మళ్ళీ తెండి. పిచ్చుకలు వచ్చినా రాకపోయినా, పండినదాంట్లో మనం తినని వాటా ఒకటుందని పిల్లలకు తెలుస్తుంది. కోతల పండుగనాడు చర్చికి కొత్త ధాన్యం, అరటి గెలలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు మోసుకెళ్ళే ఇళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. అక్కడ వేలంలో ఒక ఆనపకాయ సంతలో ధరకి ఎన్నో రెట్లు పలకడం చూసి పిల్లలు పకపకా నవ్వుతారు. వాళ్ళు పెంచిన పాదుకి కాసినదైతే ఆ నవ్వులో గర్వం కూడా ఉంటుంది. అందుకే కొన్నది పంపకండి, పెరట్లో వాళ్ళ చేత ఒక పాదు పెట్టించి దాని కాయ పంపండి. పాత నిబంధనలో కృతజ్ఞతా బలికి ఓ నియమం ఉంది. దాని మాంసం ఆ రోజే తినెయ్యాలి, తెల్లవారేదాకా మిగల్చకూడదు. ఒక్క ఇంటివాళ్ళు ఒక్క రోజులో తినగలిగేది కాదది. అంటే చుట్టుపక్కలవాళ్ళని పిలవక తప్పదు. మనవాళ్ళు వ్రతమైనా, కూడికైనా చివరికి బంతి భోజనాల్లోకి దింపడంలోనూ ఆ తెలివే ఉందనిపిస్తుంది నాకు.

చివరగా, చాలామంది తల్లులు అడిగేది: ‘మావాడు పెద్దవాడయ్యాడండీ, గుడికి రానంటున్నాడు, వచ్చినా లోపలికి రాడు, బండి మీద కూర్చుని ఫోను చూసుకుంటాడు.’ చూసుకోనివ్వండి. పదిమందిలో పరువు పోయిందని చెయ్యి పట్టి లాగొద్దు, ఇంటికొచ్చాక నాన్న చేత తిట్టించొద్దు. మీరు లోపలికి వెళ్ళి మీ దణ్ణం మీరు పెట్టుకుని రండి. భోజనాల వేళకి వడ్డించడానికి మనుషులు చాలక ఎవరో ఒకరు కుర్రాళ్ళని కేకేస్తారు. ఆ కేకకి లేచి రాని కుర్రాళ్ళు మన ఊళ్ళలో తక్కువ. వస్తే సాంబారు బకెట్టు చేతికివ్వండి. గరిటె నిండా ముంచి పొయ్యమనండి. ఇప్పుడైనా వచ్చావా అని మాత్రం అనకండి.